తియాన్ హోక్ కెంగ్ వంటి ఆలయంపై ఉలి పెట్టేముందు

సింగపూర్ తెలోక్ అయర్ వీధిలోని తియాన్ హోక్ కెంగ్, సముద్రయానాన్ని కాచే మాజు దేవతకు చైనాలోని ఫూజియాన్ ప్రాంతం నుంచి వచ్చిన వలసదారులు 1842 నాటికి కట్టుకున్న కోవెల. 1973లో జాతీయ స్మారకమైన ఈ ఆలయాన్ని 1998–2000 మధ్య పునరుద్ధరించారు. అటువంటి కట్టడాన్ని ముట్టుకునే ముందు కొన్ని జాగ్రత్తలు తప్పవు.

విగ్రహాలను కదిలించే ముహూర్తాన్ని, విధిని ఆలయ పెద్దలే నిర్ణయించాలి.

ప్రతి దూలాన్నీ, దిమ్మెనూ ఉన్న చోటే ఫొటో తీసి, కొలిచి, సంఖ్య వేయాలి. ఇక్కడి కలపను మేకులు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించారు కనుక, వరుస తప్పి ఒక్క ముక్క ఊడదీసినా పైకప్పు బరువు మోయలేని చోటికి మళ్ళుతుంది. అందుకే విప్పకముందే తాత్కాలిక ఊతాలు నిలపాలి. చెదలు తిన్నంత మేరకే తొలగించి, బాగా ఆరిన అదే జాతి కలపతో అతకాలి. దూలం మొత్తాన్ని మార్చడం సులువే గాని, దానితో పాత వడ్రంగి పనితనమూ పోతుంది, అది మళ్ళీ రాదు.

రంగుపొరలను గీకకముందే నమూనాలు పరీక్షించాలి. సున్నపు గోడలకు సిమెంటు పూయకూడదు, ఎందుకంటే తేమ లోపలే చిక్కి ఇటుక ఉప్పుబారి పొడిగా రాలుతుంది.

కలప దగ్గర వెల్డింగ్ అసలే వద్దు.