ఇకారస్ రెక్క రాలిపోయింది

ఉద్యోగం పోయిన ఏడాది ఇకారస్ బొమ్మ మొదలుపెట్టాను. గ్రీకు పురాణంలో సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి, రెక్కల మైనం కరిగి పడిపోయిన కుర్రాడు అతను. పడిపోవడమంటే ఏమిటో అప్పటికి బాగానే తెలుసు మరి. అతని తండ్రి డేడలస్ ఆ రెక్కల ఈకలను మైనంతోనే కదా అతికించాడని, కాన్వాసు మీద అక్రిలిక్ రంగు వేసి, దానిపై తేనెమైనం పూసి, నాకొచ్చిన తిరస్కరణ లేఖలను ఈకలుగా చింపి అంటించాను. వారానికే పెచ్చులుగా రాలింది. ఎండ కూడా తగలలేదు!

అక్రిలిక్ పొర ప్లాస్టిక్ లాంటిది, మైనాన్ని పీల్చుకోదు. పైగా కాన్వాసు వంగుతుంది, మైనం పగులుతుంది. ఈసారి ఏ పూతా లేని చెక్క పలక తీసుకున్నాను. ఎనిమిది పాళ్ల తేనెమైనానికి ఒక పాలు డామర్ బంక (ఒక రకం చెట్టు నుంచి వచ్చేది) కలిపితే గట్టిపడింది. ప్రతి పొరనూ వేడిగాలి ఊదే హీట్ గన్‌తో, తడి మెరుపు వచ్చేదాకా మాత్రమే, కింది పొరలోకి కరిగించాను. పొగ లేస్తే వేడి మితిమీరినట్టే.

మైనంలో ముంచిన కాగితం పారదర్శకమైంది. రెక్క అంచున ‘చింతిస్తున్నాము’ అన్న మాట ఇప్పటికీ చదవవచ్చు.