స్టీరింగ్‌కి ఆడియో బటన్లు బిగించే ముందు

స్విచ్‌లు కొనకముందే క్లాక్ స్ప్రింగ్ సంగతి తేల్చుకోండి. స్టీరింగ్ వెనక చుట్టలా ఉండే ఈ రిబ్బన్ కేబుల్ గుండానే ఎయిర్‌బ్యాగ్, హారన్ కరెంటు వెళ్తుంది. బేస్ మోడళ్లలో చాలావాటికి ఇందులో ఆడియో వైర్లు ఉండవు. అప్పుడు పై వేరియంట్‌ది పార్ట్ నంబర్ సరిచూసి తేవాలి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

- బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్ కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలే ఉంటుంది.

- ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్‌కి మల్టీమీటర్ పెట్టొద్దు. ఓమ్స్ కొలిచేటప్పుడు మీటర్ పంపే కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. టెస్ట్ ల్యాంప్ అసలే వద్దు.

- తీసిన బ్యాగ్‌ని కవర్ పైకి ఉండేలా పెట్టండి. బోర్లా పెడితే, పేలినప్పుడు మొత్తం ఎగిరి మొహానికి తగులుతుంది.

- ముందు చక్రాలు నేరుగా ముందుకు ఉండేలా పెట్టాకే పని మొదలుపెట్టండి. విప్పిన క్లాక్ స్ప్రింగ్ తిరగకుండా టేపు వేయండి. మధ్య స్థానం తప్పితే, మొదటి యూ టర్న్‌లోనే రిబ్బన్ తెగి హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పోవచ్చు.

- స్టీరింగ్ లాగాల్సి వస్తే షాఫ్ట్‌కీ స్టీరింగ్‌కీ కలిపి మార్కర్ గీత గీయండి. నట్ పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచి లాగండి, లేదంటే ఒక్కసారిగా ఊడి మీద పడుతుంది.

- రెసిస్టెన్స్ రకం (ఒక్కో బటన్‌కి ఒక్కో ఓమ్స్ విలువ ఉండే) స్విచ్‌లైతే బిగించకముందే ఒక్కో బటన్ నొక్కి ఓమ్స్ రాసుకోండి. రెండింటి విలువ దగ్గరగా ఉంటే స్టీరియో వాల్యూమ్‌కీ ట్రాక్‌కీ తేడా పట్టలేదు.

- బ్యాగ్ కనెక్టర్ ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. ఫాల్ట్ కోడ్ నమోదై హెచ్చరిక లైట్ వెలిగే ఉంటుంది. చాలా కార్లలో అది చెరపడానికి స్కానర్ కావాలి.