పంచాయతీ కార్యదర్శిని డిస్మిస్ చేస్తే ఆ ఉత్తర్వును సవాలు చేయడం ఎలా?

ఉత్తర్వు చేతికి అందగానే దాని మీద ఆ రోజు తేదీ వేసి పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెగ్యులర్ కార్యదర్శులకు 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల వర్గీకరణ, క్రమశిక్షణ, అప్పీళ్ల నిబంధనలు) వర్తిస్తాయి. పై అధికారికి చేసే అప్పీలుకు గడువు 3 నెలలు, లెక్క ఆ తేదీ నుంచే. పెద్దవాళ్లతో మాట్లాడిస్తే సర్దుకుంటుందిలే అనుకుని ఈ గడువు పోగొట్టుకోవద్దు.

కింద సంతకం ఎవరిదో చూడండి. మిమ్మల్ని నియమించిన అధికారి కంటే కింది స్థాయి వాళ్లు తీసేస్తే రాజ్యాంగం 311(1) ప్రకారం ఆ ఉత్తర్వు నిలవదు. ‘రిమూవల్’ అని ఉందా, ‘డిస్మిసల్’ అని ఉందా అన్నదీ ముఖ్యమే. రెండోదైతే మామూలుగా మళ్లీ సర్కారు కొలువుకు దారి మూసుకుపోతుంది.

చార్జిమెమో (ఆరోపణల పత్రం), మీ జవాబు, సాక్షుల వాంగ్మూలాలు, విచారణ నివేదిక ఒకచోట చేర్చండి. లేనివాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారంలోనే పెట్టాలి.

అసలు బలం విచారణ ఫైలులోనే దొరుకుతుంది. సాక్ష్యాలను హైకోర్టు మళ్లీ తూకం వేయదు, విచారణ పద్ధతిగా జరిగిందా అనే చూస్తుంది. ఇంటిపన్ను సొమ్ము వాడుకున్నారన్నది ఆరోపణ అనుకుందాం. రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిళ్లు మీకు చూపించారా? డబ్బు కట్టామన్న ఇంటి యజమానులను పిలిచి, వాళ్లను మీరు ప్రశ్నించే అవకాశం ఇచ్చారా? కాగితాలు ఫైలులో పెట్టినంత మాత్రాన రుజువైనట్టు కాదని రూప్‌సింగ్ నేగి కేసులో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది.

శిక్ష వేసే ముందు విచారణ నివేదిక నకలు ఇచ్చి మీ అభ్యంతరాలు తీసుకోవాలి. ఇది హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో వచ్చిన తీర్పు. అయితే నకలు ఇవ్వలేదన్న ఒక్క మాట చాలదు. ఇచ్చి ఉంటే ఏం చెప్పేవారో, లేక ఏం నష్టపోయారో చూపించాలి. గెలిచినా విచారణ ఆ దశ నుంచి మళ్లీ మొదలు కావచ్చు.

అప్పీలులో ఒక్కో లోపానికి ఒక్కో పేరా, పక్కన ఫైలు పేజీ నంబరు. ఇంటి ఇబ్బందులు చివర్లో రాయండి, ముందు రాస్తే తప్పు ఒప్పుకుని దయ అడుగుతున్నట్టు ఉంటుంది. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

రాష్ట్ర ఉద్యోగుల కేసులు చూసే పరిపాలనా ట్రైబ్యునళ్లు ఇప్పుడు లేవు. అప్పీలు తిరస్కరిస్తే రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్‌తో నేరుగా హైకోర్టుకే, అంటే హైదరాబాద్‌కో అమరావతికో వెళ్లాలి. అప్పీలు ఎటూ తేల్చకుండా పడేస్తే, గడువు పెట్టి తేల్చమని కూడా రిట్ వేయవచ్చు. ఉద్యోగం లేని కాలానికి జీతం కావాలంటే ఆ కాలంలో వేరే చోట సంపాదన లేదని, అది నిజమైతేనే, అఫిడవిట్‌లో రాయండి. ఆ వాక్యం లేకపోతే బకాయిలు పోయే ప్రమాదం ఉంది.