బరువుతో నడక – 2వ పాఠం: సంచి సర్దడం, తగిలించుకోవడం

మొదటి పాఠంలో ఉత్త చేతులతో అరగంట ఆగకుండా నడవడం అలవాటు చేసుకోమన్నాను. అది ఇంకా కుదరనివాళ్లు తొందరపడకండి, ముందు ఆ అరగంట సంగతి చూడండి. కుదిరినవాళ్లు ఈ వారం వీపుకి సంచి తగిలిస్తారు.

నడుం డిస్కు సమస్య ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు, గర్భిణులు, గుండెకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇది మాటవరసకు చెప్పడం లేదు.

ఎంత బరువు వేయాలి? మీ ఒంటి బరువులో ఇరవయ్యో వంతు. 60 కిలోలు ఉన్నవాళ్లకు 3 కిలోలు, 80 ఉన్నవాళ్లకు 4. ఇంతేనా అనిపిస్తుంది. బియ్యం బస్తా భుజాన వేసుకుని మేడ ఎక్కినవాళ్లకు మూడు కిలోలు ఒక లెక్కా? కానీ బస్తా ఎక్కించడం రెండు నిమిషాల పని. ఇక్కడ అరగంటలో మూడు వేలకు పైగా అడుగులు పడతాయి, ప్రతి అడుగులోనూ ఆ బరువు మోకాలి మీద, మడమ మీద పడుతుంది. కండరాలు త్వరగానే అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్లకు, ఎముకలకు అంతకంటే ఎక్కువ కాలం కావాలి. మొదటి నెలలో ఉత్సాహం కొద్దీ బరువు పెంచేవాళ్లకు నొప్పులు వచ్చేది అందుకే.

సంచి కొత్తది కొననక్కర్లేదు. పిల్లల పాత స్కూలు బ్యాగు గానీ, రెండు పట్టీలున్న లాప్‌టాప్ బ్యాగు గానీ చాలు. పట్టీలు వెడల్పుగా, లోపల స్పాంజితో ఉండాలి. ఒక భుజానికి తగిలించే సంచి వద్దు. చీలమండలకు కట్టే బరువులు, చేతిలో పట్టుకునే డంబెల్స్ కూడా వద్దు. అవి కాలు వేసే తీరునీ, చెయ్యి ఊపే తీరునీ మార్చేస్తాయి.

ఇక సర్దడం. ఈ పాఠంలో అసలు పని ఇదే, ఓపిగ్గా చేయండి. సంచి అడుగున రెండు మూడు పాత తువ్వాళ్లు మడిచి పెట్టండి, దాదాపు సగం సంచి నిండాలి. మూడు కిలోల బియ్యం మందపాటి కవర్లో పోసి, గాలంతా తీసేసి, మూతి మడిచి టేపు వేయండి. చేత్తో అదిమి పలకలా చదును చేయండి. ఆ కవరుని తువ్వాళ్ల మీద, మీ వీపుకి ఆనే వైపు నిలబెట్టండి. ముందువైపు మిగిలిన ఖాళీలో ఇంకో తువ్వాలు కుక్కి జిప్ వేయండి. ఇప్పుడు సంచిని రెండు చేతులతో ఎత్తి గట్టిగా ఊపండి. లోపల ఏదైనా కదిలితే విప్పి మళ్లీ సర్దండి. బియ్యం బదులు నీళ్ల సీసాలైనా సరే, లీటరుకి కిలో. మూతి దాకా నింపండి, లేకపోతే లోపల నీళ్లు కదులుతూ ప్రతి అడుగుకీ వెనక్కి లాగుతాయి.

బరువు రెండు జబ్బల మధ్య, వీపుకి అతుక్కుని ఉండాలి. కిందకి జారి, వీపుకి దూరంగా వేలాడితే అది వెనక్కి లాగుతుంది, మీరు తెలియకుండానే ముందుకి వంగుతారు. సాయంత్రానికి మెడ, నడుం పట్టేస్తాయి. కెన్యాలో తల మీద బరువులు మోసే లువో తెగ స్త్రీలను, నుదుటికి పట్టీ వేసి వీపు మీద మోసే కికుయు తెగ స్త్రీలను పరిశీలించి 1986లో ఒక విషయం ప్రచురించారు. తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా వాళ్లు అదనపు శక్తి ఖర్చు లేకుండా మోయగలిగారు. చిన్నప్పటి నుంచీ అబ్బిన నడక అది. తల మీద బిందెతో చెరువు నుంచి వచ్చిన మన అమ్మమ్మల నడకలోనూ ఆ నేర్పు కనిపించేది. పెద్దయ్యాక కొత్తగా తల మీద ప్రయత్నించకండి, మెడకి ప్రమాదం.

తగిలించుకునేటప్పుడు సంచిని గట్టు మీదో బల్ల మీదో పెట్టి, వెనక్కి తిరిగి చేతులు దూర్చండి. సంచి అడుగు నడుం దగ్గరే ఆగేలా పట్టీలు బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. రెండు పట్టీలనీ ఛాతీ ముందు చున్నీతో గానీ చేతిరుమాలుతో గానీ కలిపి కడితే భుజాల నుంచి జారవు. నడుస్తుండగా చెయ్యి తిమ్మిరెక్కినా, వేళ్లలో సూదులు గుచ్చినట్టున్నా వెంటనే దించేయండి. పట్టీ భుజం దగ్గర నరాల్ని నొక్కుతోందన్నమాట. బరువైన సంచులు మోసే సైనికులకు ఇది తెలిసిన ఇబ్బందే.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరినైనా ఫోన్లో వీడియో తీయమనండి, పక్క నుంచి, ఒకసారి సంచి లేకుండా, ఒకసారి సంచితో. రెండు నడకలూ ఒకేలా ఉంటే బరువు సరిపోయినట్టే. తల ముందుకి వచ్చినా, భుజాలు చెవుల వైపు లేచినా, అడుగులు టపటపా పడుతున్నా అరకిలో తీసేయండి. నా దృష్టిలో ఈ వ్యాయామానికి ఇంతకు మించిన కొలత లేదు.

బరువు తగ్గడానికే మొదలుపెట్టినవాళ్లకు ఒక మాట. సంచి తగిలిస్తే కేలరీలు రెట్టింపు ఖర్చవుతాయనుకోకండి. అమెరికా సైన్యం తరఫున పాండాల్ఫ్ బృందం 1977లో ఇచ్చిన సూత్రంతో లెక్క వేస్తే, 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదును నేల మీద నడుస్తూ 7 కిలోలు మోస్తే ఖర్చు పెరిగేది సుమారు 7 శాతమే. అదే మనిషి సంచి లేకుండా, వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎత్తు ఎక్కితే ఖర్చు సగానికి పైగా పెరుగుతుంది. సంచి వల్ల లాభం వేరే చోట ఉంది: వీపు, తుంటి, కాళ్ల కండరాలకు మామూలు నడకలో దొరకని పని దొరుకుతుంది.

ఈ వారం రోజు విడిచి రోజు, మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున చదును రోడ్డు మీద నడవండి. మిగతా రోజుల్లో ఉత్త నడకే. చెప్పులు వద్దు, సాక్సు వేసుకుని బూట్లతోనే. పక్కవాళ్లతో వాక్యం మధ్యలో ఆగకుండా మాట్లాడగలిగే వేగం చాలు. రెండో వారం అదే బరువుతో అరగంటకు వెళ్లండి, ఆ తర్వాతే ఒక కిలో కలపండి. సమయం, బరువు ఒకే వారంలో పెంచొద్దు.

మూడో పాఠం ఎత్తులు ఎక్కడం, ముఖ్యంగా దిగడం గురించి. మోకాళ్లకు కష్టం దిగేటప్పుడే ఎక్కువ. అందాకా సంచితో ఫ్లైఓవర్లు, మెట్ల జోలికి వెళ్లకండి.