ఎర్రబడ్డ పాత స్లైడ్లను స్కాన్ చేసి రంగు తేల్చడం

స్లైడ్ (చిన్న చట్రంలో బిగించిన రంగు ఫిల్మ్ ముక్క) ఎర్రగా మారిపోయిందంటే ఫొటో పాడైపోయినట్టు కాదు. ఫిల్మ్‌లో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు అని మూడు రంగుల పొరలుంటాయి. సయాన్ ముందుగా వెలిసిపోతే మిగతా రెండూ కలిసి ఎరుపుగా కనిపిస్తాయి. 1960లు, 70ల నాటి ఎక్టాక్రోమ్ (కొడాక్ ఫిల్మ్ రకం) స్లైడ్లలో ఇది మామూలే. కొడాక్ వారిదే ఇంకో రకం కొడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో ఉండిపోయి ఉంటే ఇప్పటికీ రంగు చెక్కుచెదరవు. అందుకే పెట్టె తెరవగానే చట్రాల మీది అక్షరాలు చదివి కొడాక్రోమ్‌ను వేరే పెట్టండి. అప్పట్లో అమెరికా వెళ్ళిన చుట్టాలు తెచ్చిన స్లైడ్లయితే చట్రం మీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉండొచ్చు. అది ఫిల్మ్ కడిగిన తేదీ. సంక్రాంతి ముగ్గు ఫొటో మీద మే నెల కనిపిస్తే తికమకపడొద్దు.

దుమ్ము దులపడానికి రబ్బరు బ్లోయర్ చాలు. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల తేమకి స్లైడ్ల మీద బూజు తీగలు పాకి ఉంటాయి. తడిగుడ్డతో మాత్రం తుడవొద్దు. బూజు ఫిల్మ్ మీది జెలటిన్‌ను తిని, నీళ్ళు తగిలితే కరిగేలా చేసి ఉంటుంది. అలా తుడిస్తే బొమ్మే గుడ్డకి అంటుకొస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లకి కొద్దిగా అద్ది, ముందు అంచు మీద చూసి, తర్వాత లోపలికి వెళ్ళండి. మందుల షాపులో ఇచ్చే 70 శాతం రకంలో మిగతాది నీళ్ళే కాబట్టి అది పనికిరాదు. గాజు చట్రాలుంటే ఫిల్మ్ బయటికి తీసి ప్లాస్టిక్ చట్రంలో పెట్టండి. లేకపోతే గాజు, ఫిల్మ్ తాకిన చోట ఇంద్రధనుస్సు వలయాలు స్కాన్‌లో పడతాయి.

వందల్లో స్లైడ్లుంటే ఎప్సన్ వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్ (బల్లపరుపు గాజు ఉన్న) స్కానర్ సరిపోతుంది, ఒక్కసారికి నాలుగు పడతాయి. ఇంకా పదును కావాలంటే ప్లస్‌టెక్ 8200ఐ లాంటి ఫిల్మ్ స్కానర్ మేలు, కాకపోతే ఒక్కొక్కటే చేత్తో జరుపుతూ స్కాన్ చేయాలి. దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్స్ ఉన్నవాళ్ళు కెమెరాతోనూ తీయొచ్చు. దానికి కావలసినవి: సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కి తగ్గని లైట్ ప్యానెల్, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, రా ఫైల్ (కెమెరా సవరించని అసలు డేటా), రెండు సెకన్ల టైమర్. ఇక్కడ ఎక్కువ మంది దెబ్బతినేది కెమెరా వంకరగా ఉండటం వల్ల: ఒక మూల స్పష్టంగా, ఎదుటి మూల మసకగా వస్తుంది. ప్యానెల్ మీద చిన్న అద్దం పెట్టి చూడండి. అద్దంలో లెన్స్ ప్రతిబింబం ఫ్రేమ్ నడిమధ్య కనిపించేదాకా స్టాండ్ సర్దితే కెమెరా తిన్నగా ఉన్నట్టే.

స్కానర్‌లో 3200 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 48 బిట్ (ఒక్కో రంగుకి 16 బిట్లు), టిఫ్ (నాణ్యత తగ్గించని ఫైల్ రకం) ఎంచుకోండి. ఒక్కో ఫైల్ దాదాపు 80 ఎంబీ. వెయ్యి స్లైడ్లకి 80 జీబీ పక్కన పెట్టుకోండి. ఆటో కలర్, షార్పెనింగ్ తీసేయండి. పరారుణ కాంతితో దుమ్ము చెరిపే డిజిటల్ ఐస్‌ను నలుపు-తెలుపు ఫిల్మ్‌కి వాడకూడదు, అందులోని వెండిని కూడా అది దుమ్మనుకుంటుంది. కొడాక్రోమ్‌తోనూ తరచూ పేచీయే. హిస్టోగ్రాంలో (ముదురు నుంచి వెలుగు దాకా పంపకం చూపే గ్రాఫ్) ఎరుపు కుడి గోడకి ఆనుకుంటే ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్ళీ తీయండి. రంగు సవరణ ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు గానీ స్కాన్‌లో పోయిన వివరం తిరిగిరాదు.

ఇక రంగు. అందరూ ముందు చెయ్యి పెట్టేది పసుపు-నీలం పాళ్ళు మార్చే టెంపరేచర్ స్లైడర్ మీద. అది తెలుపునీ నలుపునీ ఒకే వైపు జరుపుతుంది. సయాన్ వెలిసిన స్లైడ్‌లో తెలుపు దాదాపు బాగానే ఉంటుంది, ఎర్రబడేది నలుపు. పెళ్ళి ఫొటో ఒకటి తీసుకోండి. పెళ్ళికూతురి జడ ముదురు మెరూన్‌గా కనిపిస్తోంది. ముందుగా స్కాన్‌లో పడిన చట్రం నల్ల అంచును సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించండి, అది ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్నే నలుపుగా లెక్కేస్తుంది. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ తెరిచి ఎరుపు ఛానల్ ఎంచుకుంటే గ్రాఫ్ గుట్ట (0 ముదురు, 255 వెలుగు) సున్నా దగ్గర కాకుండా ఏ 70 దగ్గరో మొదలవుతుంది. ఎడమ త్రికోణాన్ని అక్కడికి జరపండి. ఆకుపచ్చ, నీలం ఛానళ్ళలోనూ గుట్ట మొదలు ఎక్కడుంటే అక్కడికి. జడ నల్లబడుతుంది. తర్వాత కుడి త్రికోణాలను గుట్టలు ముగిసే చోటికి జరిపి, చివర మధ్య త్రికోణం సర్దండి. ఇంత సాగదీస్తే రంగుకి 8 బిట్లే ఉన్న ఫైల్‌లో ఆకాశం మీద చారలు పడతాయి. 48 బిట్ తీసింది ఇందుకే.

మధ్య త్రికోణం సర్దేటప్పుడు తెల్ల పంచెను ఆధారం చేసుకోకండి. నీలిమందు పెట్టిన బట్ట అసలే నీలంగా ఉంటుంది, దాన్ని తెల్లగా చేయబోతే మొహాలు పసుపెక్కుతాయి. సిమెంటు గచ్చో, నెరిసిన జుట్టో నయం. చామనఛాయ మొహం మీద ఎరుపు అంకె అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, చివర నీలం ఉండాలి. 150, 105, 80 లాంటివి వస్తే దారిలో ఉన్నట్టే. పెట్రోమాక్స్ వెలుగులోనో, సాయంత్రపు ఎండలోనో తీసినవాటికి మాత్రం ఈ సాగదీత చివరిదాకా తీసుకెళ్ళొద్దు, ఆ పసుపు వెలుగు నిజంగా అక్కడున్నదే.

ఒకే పెట్టెలో ఉన్న ఒకే రకం ఫిల్మ్ ఇంచుమించు ఒకేలా వెలుస్తుంది. మొదటి ఫొటోకి కుదిరిన లెవెల్స్‌ను ప్రీసెట్‌గా (మళ్ళీ వాడుకునే అమరికగా) దాచుకుని మిగతావాటికి వేసి, తేడా ఉన్నవాటినే విడిగా దిద్దండి. సవరించిన జేపెగ్ పక్కనే అసలు టిఫ్ ఉంచండి, చట్రం మీది తేదీ, నంబరు ఫైల్ పేరులోకి ఎక్కించండి. స్లైడ్లను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూతగట్టి డబ్బాలో పెట్టి, అటక మీద కాకుండా కింది అల్మరాలో ఉంచండి.