లగ్గాల సీజన్‌లో ఇంటికెళ్లి వ్యాక్సింగ్ చేసేవాళ్లకు: వ్యాక్స్ డబ్బాను పొయ్యి మీద పెట్టకండి

పోయిన వారం పరకాల వైపు ఒక ఊళ్లో పెండ్లికూతురి చెయ్యి కాలింది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా బొబ్బలు. లగ్గం ఇంకా మూడు రోజులే ఉంది. వ్యాక్సింగ్ (వేడి వ్యాక్స్ పూసి, స్ట్రిప్ అనే పట్టీతో లాగి వెంట్రుకలు తీయడం) చేసిన అమ్మాయి నా దగ్గరే పని నేర్చుకుంది, చేతిపని మంచిది. రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, గాలిదుమారం లేచి కరెంటు పోయింది. హీటర్ ఆగిపోయింది. పొయ్యి మీద పెట్టుకో బిడ్డా, రెండు నిమిషాల్ల కరుగుతది అన్నది వాళ్ల అమ్మ. పెట్టిన."

హన్మకొండలో పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వ్యాక్స్‌తో గట్టిగా కాలినవాళ్లను నలుగురిని చూశాను. నాలుగుసార్లూ డబ్బా గ్యాస్ పొయ్యి మీదికి ఎక్కింది. అందుకే చేతులు కడుక్కోండి, కొత్త స్ట్రిప్పులు వాడండి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు.

పొయ్యి మీద పెడితే ఏమవుతుందంటే, మంట డబ్బా అడుగుకు తగులుతుంది. అడుగున వ్యాక్స్ కుతకుత ఉడుకుతుంటే పైన ఇంకా ముద్దగానే కనిపిస్తుంది. మీరు పైపైన తీసి మీ మణికట్టు మీద చూసుకుంటారు, గోరువెచ్చగా ఉంటుంది. ఆ అమ్మాయి కూడా చూసుకుంది. మొదటి స్ట్రిప్ బాగానే వచ్చిందట. రెండోసారి వ్యాక్స్ పూసే నైఫ్‌ను అడుగుదాకా ముంచి తీసింది. అదే కాల్చింది.

సంక్రాంతికి అరిసెల పాకం పట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వేడినీళ్లు పడితే జారిపోతాయి. పాకం పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. మనలో ఎక్కువమంది వాడే హనీ వ్యాక్స్ చక్కెర పాకమే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పాకం వేడి అంతకన్నా పైకి పోతుంది. రెసిన్ (చెట్టు బంకలాంటిది) కలిసిన వ్యాక్స్ అయితే మంట పక్కన ఒలికితే అంటుకుంటుంది కూడా.

పొయ్యి అవసరం రాకుండా చేసుకోవడమంతా ముందురోజు పనే.

ముందురోజు సాయంత్రం ఇంటివాళ్లకు ఫోన్ చేసి రెండు అడగండి. ఇన్వర్టర్ ఉందా? ఉంటే ఏ గదిలో ప్లగ్ పాయింట్ దాని మీద పనిచేస్తుంది? చాలా ఇళ్లలో ఫ్యాన్లకు, లైట్లకే ఇన్వర్టర్ లైన్ ఇస్తారు, ప్లగ్గులకు ఇవ్వరు. అక్కడికి వెళ్లాక తెలిస్తే లాభం లేదు. మన చిన్న వ్యాక్స్ హీటర్ తీసుకునేది సుమారు 100 వాట్లే కాబట్టి లైన్ ఉంటే ఇన్వర్టర్ మోస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీ సొంతదే తీసుకెళ్లండి.

ఇన్వర్టర్ లేదంటే అరచేతుల మధ్య రుద్దితే చాలే రెడీ స్ట్రిప్పులు రెండు ప్యాకెట్లు బ్యాగులో ఉండాలి. హీటర్ వ్యాక్స్ అంత శుభ్రంగా రాదు, నిజమే. చెయ్యి మాత్రం కాలదు. ఇంకో దారి వేడినీళ్లు. గంజులో నీళ్లు కాచి, పొయ్యి ఆపేసి, ఆ గంజును మీరు పనిచేసే గదిలోకి తెచ్చుకుని, మూత తీసిన డబ్బాను అందులో నిలబెట్టండి. నీళ్లు డబ్బాలోకి పోకూడదు. అడుగునుంచి కలుపుతూ ఉండండి. పావుగంట పైనే పడుతుంది, పట్టనివ్వండి. డబ్బా వంటింట్లోకి పోకూడదు, పొయ్యి మీద అసలే పెట్టకూడదు.

హీటర్‌ను రాత్రే ఒకసారి ఇంట్లో వేసి చూడండి. డయల్ తిప్పితే వేడి తగ్గుతుందా లేదా చూడండి. వైరు మడతపడే చోట పగిలి ఉంటే ఆ హీటర్ తీసుకెళ్లొద్దు. వ్యాక్స్ డబ్బాను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో నిలువుగా పెట్టండి. ఎండాకాలం స్కూటీ డిక్కీలో పోతే వ్యాక్స్ దానంతటదే జారుగా అవుతుంది. దాన్ని చలికాలం పెట్టినంతసేపు హీటర్‌లో పెడితే మరీ వేడెక్కుతుంది. మే నెలలో టైమ్ చూసి కాదు, కలిపి కొంచెం మణికట్టు మీద చూసుకుని తీయండి.

ఇనుప నైఫ్ బదులు చెక్క పుల్లలు పెట్టుకోండి. ఇనుము వేడిని పట్టుకుంటుంది. పైగా పుల్ల ఒకసారి ముంచి పారేస్తే ఒకరి చర్మం మీది క్రిములు డబ్బాలోకి రావు.

పెండ్లికూతురిని అడగాల్సినవి ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడగండి. చుట్టాల ముందు నిజం చెప్పదు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోళీలు వాడిందా? ఆపి ఆరు నెలలు కాకపోతే వ్యాక్స్ చేయొద్దు, వెంట్రుకతోపాటు చర్మం లేచి వస్తుంది. మొటిమలకు రాసే ట్రెటినోయిన్, అడాపలీన్ క్రీములు రాస్తున్న చోట కూడా చేయొద్దు. తెల్లబడతామని మందుల షాపులో అడిగి కొనుక్కునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. ట్యూబు తెమ్మని చూడండి. షుగర్ ఉందా, రక్తం పల్చబడే మందులు వాడుతోందా అని కూడా అడగండి. ఉంటే డాక్టర్‌ను అడిగాకే చేయండి.

రోజులు లెక్కపెట్టి అపాయింట్‌మెంట్ ఇవ్వండి. వ్యాక్స్ ముందు, మెహందీ తర్వాత. మెహందీ పెట్టిన చేతికి వ్యాక్స్ చేస్తే రంగు పోతుంది. లగ్గానికి మూడు, నాలుగు రోజుల ముందు పెట్టుకుంటే, కరెంటు పోయినరోజు "రేపు వస్తాను" అనడానికి మీకు ఒక రోజు మిగులుతుంది.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి.

కొత్త వ్యాక్స్ అయితే ఒక రోజు ముందు రూపాయి బిళ్లంత చోట ప్యాచ్ టెస్ట్ (కొంచెం పూసి చర్మానికి పడుతుందో లేదో చూడటం).

ప్రతిసారీ అడుగుదాకా కలిపి, ప్రతిసారీ మీ మణికట్టు మీద చూసుకోండి. మొదటిసారి చూశాను కదా అనుకోవద్దు.

వ్యాక్స్ చేసిన చోట అదేరోజు బ్లీచ్ వద్దు. ఎంత బతిమాలినా వద్దు.

పిల్లలను గదిలోకి రానివ్వొద్దు. హీటర్ వైరు నడిచే దారిలో ఉండొద్దు.

పని మొదలుపెట్టక ముందే గాజులు, ఉంగరాలు తీయించండి. కాలితే చెయ్యి వాస్తుంది, తర్వాత రావు.

ఒక బకెట్ చల్లటి నీళ్లు పక్కన పెట్టించుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి నల్లాలో వేడినీళ్లు వస్తాయి, అవి కాలిన చేతికి పనికిరావు. బోరు నీళ్లు పట్టించండి.

కాలితే వెంటనే 20 నిమిషాలు ఆ నీళ్లు పోస్తూనే ఉండండి. రెండు నిమిషాలకు ఆపొద్దు. ఐసు పెట్టొద్దు. పేస్టు, సిరా, పసుపు, కాఫీపొడి ఎవరు తెచ్చినా రాయనివ్వొద్దు. అంటుకున్న వ్యాక్స్‌ను పీకొద్దు, చర్మం ఊడుతుంది. బొబ్బలు చిదమొద్దు. ముఖం మీద కాలినా, అరచేయి కన్నా పెద్దగా కాలినా, బొబ్బ లేచినా ఆస్పత్రికే. మీరు కూడా వెంట వెళ్లండి.

వెళ్లే ఊరి లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి. చీకటిపడ్డాక కొత్త ఇంటికి ఒంటరిగా పోవద్దు.

ఎవరైనా పొయ్యి వెలిగించి పిలిస్తే పోవద్దు. పెద్దమ్మ కోప్పడినా, పెండ్లికూతురు ఏడ్చినా, అడ్వాన్స్ తిరిగివ్వాల్సి వచ్చినా డబ్బాను పొయ్యి మీద పెట్టొద్దు.

సగం చెయ్యి అయ్యాక కరెంటు పోతే సగం దగ్గరే ఆపండి. మిగతాది రెడీ స్ట్రిప్పులతో చేయండి, లేదా తెల్లవారి పొద్దున వెళ్లండి.