ఐబీపీఎస్ దరఖాస్తు: ఫొటో, సంతకం, వేలిముద్రలను బ్రౌజర్‌లోనే జేపీజీగా మార్చుకునే విధానం

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ క్లర్క్, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) దరఖాస్తుల్లో వివరాలు నింపడం ఒక ఎత్తు, ఫొటోలు అప్‌లోడ్ చేయడం మరో ఎత్తు. ఫోన్‌లో బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, ఫారం మాత్రం తీసుకోదు. చివరి తేదీ రోజు ఇలా జరిగితే టెన్షన్ అంతా ఇంతా కాదు. నోటిఫికేషన్ రాగానే ఫొటో, సంతకం, వేలిముద్ర, డిక్లరేషన్ (హామీ పత్రం) ఫైళ్లు నాలుగూ సిద్ధం చేసి పెట్టుకోండి.

ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. ఎడమ బొటనవేలి ముద్ర 240×240, 20 నుంచి 50 కేబీ. ఇంగ్లిష్‌లో మీ చేత్తో రాసిన డిక్లరేషన్ 800×400, 50 నుంచి 100 కేబీ. అన్నీ జేపీజీలోనే ఉండాలి. ఇవి ఇటీవలి నోటిఫికేషన్లలోని కొలతలు. మీ నోటిఫికేషన్‌తో ఒకసారి సరిచూసుకోండి.

సంతకం, డిక్లరేషన్ తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో రాయాలి. క్యాపిటల్ అక్షరాల్లో ఉంటే ఒప్పుకోరు. పగటి వెలుతురులో, నీడ పడకుండా ఫొటో తీసి, చుట్టూ ఉన్న ఖాళీని గ్యాలరీలోనే క్రాప్ చేయండి.

ఐఫోన్ ఫొటోలు సాధారణంగా జేపీజీలో కాకుండా హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో సేవ్ అవుతాయి. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపీజీలో వస్తాయి. పీఎన్‌జీ, వెబ్‌పీ వంటి వేరే ఫార్మాట్ల ఫైళ్లను మాత్రం మార్చాల్సిందే. ఫైలు పేరు చివర 'జేపీజీ' అని రాసినంత మాత్రాన లోపలి ఫార్మాట్ మారదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మార్చడానికి నేను చెప్పేది స్క్వూష్. గూగుల్ క్రోమ్ బృందం తయారుచేసిన ఈ ఉచిత సైట్‌లో బొమ్మ మీ బ్రౌజర్‌లోనే మారుతుంది, వేరే సర్వర్‌కు వెళ్లదు. సంతకం, వేలిముద్ర ఒకసారి ఎవరి చేతికైనా చిక్కితే వాటిని పాస్‌వర్డ్‌లా మార్చుకోలేం. అందుకే ముక్కూమొహం తెలియని కన్వర్టర్ సైట్లకు వాటిని అప్పగించొద్దని గట్టిగా చెబుతున్నాను. నెట్ సెంటర్‌లో చేయిస్తే, పని అయ్యాక ఆ కంప్యూటర్‌లోంచి ఫైళ్లు దగ్గరుండి డిలీట్ చేయించండి.

స్క్వూష్‌లో బొమ్మ తెరిచాక 'రీసైజ్' ఆన్ చేసి, వెడల్పు, ఎత్తు ఇవ్వండి. కింద కంప్రెస్ దగ్గర, జేపీజీగా మార్చే 'మోజ్‌జేపెగ్' ఎంచుకోండి. 'క్వాలిటీ' జరుపుతుంటే సైజు ఎంతైందో అక్కడే కనిపిస్తుంది. సరిపోగానే డౌన్‌లోడ్ నొక్కండి.

అసలు చిక్కు తక్కువ సైజుతో వస్తుంది. అందరూ 50 కేబీ దాటకూడదనే చూస్తారు, 20కి తగ్గకూడదన్న సంగతి మర్చిపోతారు. ఫొటో అంతకంటే తగ్గిపోతే క్వాలిటీ 90 పైకి పెంచండి. సంతకం మరీ చిన్న బొమ్మ కాబట్టి క్వాలిటీ పూర్తిగా పెంచినా 10 కేబీ రాకపోవచ్చు. నోటిఫికేషన్‌లో 140×60 పక్కన 'ప్రిఫర్డ్' (ఇలా ఉంటే మేలు) అనే ఉంటుంది కనుక, అదే నిష్పత్తిలో 280×120 ఇచ్చి చూడండి.

అప్‌లోడ్ చేశాక ప్రివ్యూలో ఏ బొమ్మ ఏ గడిలో పడిందో చూడండి. ఫొటో గడిలో సంతకం ఉండిపోతే పరీక్ష రాయనివ్వరు. అదే ఫొటో ప్రింట్లు కొన్ని తీయించి దాచుకోండి, పరీక్ష రోజు కాల్ లెటర్ మీద అతికించాల్సింది అదే.